రిబ్బను కట్టిన మందు డ్రమ్ములు

ఐదు వారాలుగా మా వార్డులో పశువులను మందునీళ్ళ తొట్టిలో ముంచలేదు. మా దేశంలో జనవరంటే వానాకాలం, గడ్డి నిండా నెత్తురు పీల్చే గోమార్లు పట్టాయి. వాటి కాటుతో వచ్చే జబ్బుకు మాపోసా వాళ్ళ దొడ్లో ఏడు పశువులు చచ్చాయి. రోజూ ఎవరో ఒకరు గొయ్యి తవ్వుతూనే ఉన్నారు.

నాకున్నది ఒక్క ఆవు, మాతిపా. నా కూతురు న్యారైని చేసుకున్నప్పుడు అల్లుడు నాకు తోలిన తల్లి ఆవది. కని పెంచినందుకు తల్లికిచ్చే ఆవు. అమ్మకూడదు, కొయ్యకూడదు. దానికేమన్నా అయితే కూతురి కడుపుకే చేటంటారు మా పెద్దలు. న్యారైకి ఇప్పుడు ఏడో నెల.

కౌన్సిల్ ఆఫీసుకు ఇరవై కిలోమీటర్లు నడిచి వెళ్ళాను. గిడ్డంగి తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల మందు డ్రమ్ములు గోడ పొడవునా పేర్చి ఉన్నాయి! నా ఒళ్ళు మండిపోయింది.

"ఇవేంటి కౌన్సిలర్ గారూ? మందు రాలేదన్నారుగా!"

మా వార్డు కౌన్సిలర్ గ్వెంజీ పళ్ళికిలించాడు. "వచ్చింది న్యారైవాళ్ళమ్మా, ఎందుకు రాదు! సభ పెట్టి అందజెయ్యాలిగా. రాజధాని నుంచి పెద్దాయనొచ్చి తన చేత్తో పోస్తారు. గురువారం."

"పోయిన గురువారమూ సభన్నారు, మందు రాలేదని తిప్పి పంపారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు!"

"అబ్బబ్బ, ఏం నోరమ్మా నీది! సరేలే, నీ ఆవు చూడముచ్చటగా ఉంటుంది. ముందు వరుసలో నిలబెట్టు. మొదటి మునక దానిదే, సరేనా?"

సిగ్గు లేకుండా మురిసిపోయాను.

బుధవారం పొద్దున మాతిపా మెడ నిమురుతుంటే చెవి కింద చిన్న గడ్డ చేతికి తగిలింది. ఆ జబ్బుకు మొదటి గుర్తది. సూది వేసే పశువుల డాక్టరు అవతలి దిక్కున, ఒక రోజు నడక. అటు తోలితే గురువారం సభ తప్పుతుంది. జబ్బని నలుగురికీ తెలిస్తే ముందు వరుస పోతుంది. నోరు మూసుకున్నాను. నా బుద్ధి గడ్డి తిన్నది.

గురువారం తెల్లారకముందే ఆవునూ దాని దూడనూ తోలుకుని తొట్టి దగ్గరికి చేరాను. వార్డంతా పశువుల్ని తోలుకొచ్చింది. షామియానా వేశారు, కుర్చీలకు తెల్లగుడ్డలు తొడిగారు, డ్రమ్ములకు ఎర్ర రిబ్బను కట్టారు. పది దాటింది, పన్నెండు దాటింది. "దారిలో ఉన్నారు, దారిలో ఉన్నారు," అంటాడు గ్వెంజీ. ఒంటిగంటకు మాతిపా దగ్గడం మొదలుపెట్టింది. కళ్ళలో తెల్లటి పొర కమ్మింది.

తొట్టి చూసుకునే ముసలి తప్ఫూమా వచ్చి దాని చెవి కింద తడిమాడు. "ఎప్పట్నించి తల్లీ?"

"నిన్న పొద్దున చూశాను తాతా."

"అయ్యో పిచ్చిదానా! నిన్ననే సూది వేయించాల్సింది. ఈ మందు తోలు మీది పురుగునే చంపుతుంది. ఒంట్లో దూరిన జబ్బునేం చేస్తుంది?"

మాతిపా మోకాళ్ళ మీద కూలింది. దూడ వచ్చి పొదుగులో మూతి పెట్టింది. దాని చెవుల్లోనూ గోమార్లు గుత్తులుగా ఉన్నాయి.

"మందు పోసెయ్ తాతా!" అని అరిచాను. "నాదెట్లాగూ పోతోంది. మిగిలినవైనా బతకనీ!"

"ఆ రిబ్బను ముట్టుకున్నావంటే చూడు!" గ్వెంజీ పరిగెత్తుకొచ్చాడు.

పళ్ళతో కొరికి తెంపేశాను. ఆడవాళ్ళు గ్వెంజీకి అడ్డం నిలబడ్డారు. తప్ఫూమా మూత తిప్పి, కొలత చూసి పోశాడు. పశువులు ఒకదాని వెనక ఒకటి తొట్టిలోకి దూకాయి. దూడను నేనే తోశాను. మాతిపాను ఎవరూ లేపలేకపోయారు.

మూడింటికి పెద్దాయన కారు వచ్చింది. తడిసిన పశువుల్ని చూసి ఆయన మొహం చిట్లించాడు. తర్వాత మాతిపా వైపు చూశాడు.

"ఇదేంటి, పడుకుంది?"

"పొద్దుట్నించీ తమరి కోసం నిలబడి అలిసిపోయిందండీ," అన్నాడు గ్వెంజీ.

"చచ్చిపోయిందయ్యా," అన్నాను. ఫోటోకి అడ్డమని నలుగురు మగాళ్ళు దాన్ని కాళ్ళు పట్టి పక్కకి ఈడ్చారు.

అప్పుడే నా ఫోన్ మోగింది. న్యారై.

"అమ్మా, మందు పోశారా? మాతిపా ఎట్లా ఉంది?"

"బాగుందమ్మా. కడుపులో బిడ్డ కదులుతోందా?"

"కదులుతోందమ్మా. నువ్వెందుకు ఏడుస్తున్నావు?"