మొహం చూసి బిగించిన బోల్టు

నేను ఒక రెండు సీట్ల కారుని. ఈ ఒక్క ముక్కలో నా కథ చాలావరకు అయిపోయింది. బండి కొంటే ఇంటిల్లిపాదీ ఎక్కాలనుకునే దేశంలో ఇద్దరికి మాత్రమే చోటున్న కారుని ఎవరు కొంటారో, ఎన్నాళ్ళు ఉంచుకుంటారో మీరే ఊహించుకోవచ్చు. మిగిలింది చెబుతాను. అపార్టుమెంటు కింద పార్కింగులో నాకు వేరే పనేం ఉంది కనక!

పడమటి సముద్రం ఒడ్డున ఒక చిన్న కంపెనీలో పుట్టాను. పడవలకు వాడే ఫైబరుతోనే నా ఒళ్ళు పోశారు. నెత్తిన ఒక గుడ్డ టాపు, వానొస్తే ఇద్దరు మనుషులు కుస్తీ పడితే గానీ మూతపడదు. "ఈ కారుకి తుప్పు పట్టదు" అని కాగితాల్లో గొప్పగా రాసుకున్నారు. నిజమే. పైకి నేనెప్పుడూ బాగానే కనబడతాను. తుప్పు పట్టేదంతా లోపలే. నాలాంటివాటిని కొన్ని వందలు చేసి ఆ కంపెనీ మూతపడింది.

నన్ను మొదట ఇష్టపడినవారు భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్న ఒక రాజుగారు. ఏదో పత్రికలో నా బొమ్మ చూసి లారీ మీద తెప్పించుకున్నారు. ఆయన రోజూ తిరగాల్సింది చెరువు గట్ల మీద. నా పొట్ట చూస్తే నేలకి జానెడు. ఇంట్లో ఆరుగురు. నా రెండో సీటు ఎవరిదన్న సంగతి మీద ఆ ఇంట్లో నెలల తరబడి మూతి ముడుపులు నడిచాయి. ఎవరినీ నొప్పించడం ఇష్టం లేక చివరికి రాజుగారు ఎవరినీ ఎక్కించుకోవడం మానేశారు. ఒకసారి ఒక అరటిగెలకు సీటు బెల్టు పెట్టి అత్తారింటికి తీసుకెళ్ళారు. ఆ సీటులో అంత గౌరవంగా ప్రయాణం చేసినవాళ్ళు చాలాకాలం పాటు మరొకరు లేరు.

నాకు జబ్బు చేస్తే చూసింది తాడేపల్లిగూడెం మెకానిక్ యేసుపాదం గారు. ఆయన పరీక్ష చాలా సాదా. ఇంజన్ నడుస్తుండగా పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన నా మీద ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. ఒక నిమిషం తర్వాత, "మూడోదానికి జలుబు చేసిందండి రాజుగారూ" అనేవాడు. నా నాలుగు సిలిండర్లలో మూడోదానికే చేసి ఉండేది. పని అయ్యాక బానెట్ లోపలివైపు తన షాపు స్టిక్కర్ అంటించాడు. పేరు, ఊరు, ఐదంకెల ఫోన్ నంబరు.

తర్వాత రొయ్యలకు తెగులొచ్చింది. రాజుగారు చెరువులు వదిలేశారు, నన్ను మేత గోడౌన్లో వదిలేశారు. అక్కడి నుంచి బుజ్జిబాబు అనే ఆయన తాడు కట్టి లాక్కుపోయాడు. ఆయనకు కాలువ గట్టున పెళ్ళి ఫొటోలు తీసుకునే తోట ఉంది. అట్టతో చేసిన చందమామ, పూల ఉయ్యాల, ఎక్కడికీ మోగని ఎర్ర ఫోన్ బూత్, వాటి పక్కన నేను. ఒక ఏడు ఎరుపు పూశారు, ఒక ఏడు గులాబీ, తర్వాత తెలుపు. ఇంజన్ జోలికి ఎవరూ రాలేదు. ఫొటోలో ఇంజన్ కనబడదు కదా!

పదకొండేళ్ళలో నాలో కూర్చున్న జంటలు వెయ్యి దాటి ఉంటాయి. పెళ్ళికొడుకులందరూ స్టీరింగ్ పట్టుకుని, రోడ్డు వదిలేసి, పక్కనున్న అమ్మాయి కళ్ళలోకి చూస్తూ నడిపినవాళ్ళే. నా ఇంజన్ పనిచేసి ఉంటే జిల్లాలో సగం పెళ్ళిళ్ళు ఆస్పత్రిలో జరిగేవి. వెయ్యి జంటల్లో ఒక్కరూ ఎక్కడికీ వెళ్ళలేదు. దిగిపోయాక సీట్ల మీద గులాబీ రేకులు మిగిలేవి, వాటికోసం చీమలు వచ్చేవి. ఆషాఢంలో చీమలు కూడా ఉండేవి కావు. ముహూర్తాలు ఉండవు, ఫొటోలు ఉండవు. నెల రోజులు వాన, నేను.

హైమని నేను మొదట చూసింది ఒక స్నేహితురాలి ఫొటోల కోసం వచ్చినప్పుడు. వెండిరంగు అట్ట ఎత్తి పట్టుకుని పెళ్ళికూతురి మొహం మీదికి ఎండ మళ్ళించడం, ఆమె హ్యాండ్‌బ్యాగూ చెప్పులూ కాపలా కాయడం ఈమె పని. మూడేళ్ళలో నలుగురు స్నేహితురాళ్ళకి నాలుగుసార్లు వచ్చింది. అట్ట పట్టుకున్నంతసేపూ నవ్వుతూనే ఉండేది. రెండోసారి ఫొటోగ్రాఫర్ చూసి, "అక్కా, మీరు నవ్వక్కర్లేదు. మీరు ఫ్రేములో లేరు" అన్నాడు. అప్పుడూ నవ్వింది.

నాలుగోసారి హఠాత్తుగా వాన పట్టుకుంది. అందరూ టెంటు కిందికి పరిగెత్తారు. ఈమె మాత్రం వెండి అట్ట నెత్తిన పెట్టుకుని వచ్చి నా స్టీరింగ్ ముందు కూర్చుంది. ఊరికే కుడికి తిప్పింది. బురదలో నా ముందు చక్రాలు కదిలాయి. ఆమె ఉలిక్కిపడింది. నేనూ పడ్డాను.

వాన వెలిశాక బుజ్జిబాబు దగ్గరికి వెళ్ళింది.

"ఈ కారు నాకిస్తారా అండీ?"

"దాన్నేం చేసుకుంటారండీ బాబూ! శ్రావణం మొదటి ముహూర్తానికి ఇక్కడికి హెలికాప్టర్ దిగుద్ది. ఉత్తుత్తిదేలెండి, రెక్కలు మాత్రం తిరుగుతాయి. దీన్ని కోసి పట్టుకెళ్ళమని పాత సామానోళ్ళకి చెప్పేశాను."

"నేను ఇంటికి తీసుకెళ్తాను."

"ట్రాలీ పిలిపించమంటారా?"

"వద్దండీ. నడుపుకుంటూ వెళ్తా."

బుజ్జిబాబు నవ్విన నవ్వుకి చేతిలో టీ సగం లుంగీ మీద పడింది. "ముహూర్తం పొద్దుటిదాకా టైమండి. ఆ పొద్దున్న కూడా ఇది ఇక్కడే ఉంటే మాత్రం కోతే."

హైమ రాజమండ్రిలో నాలుగో అంతస్తులో ఒక్కతే ఉంటుంది. ఇంటినుంచే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. అంటే ఎవరో రాసిన ప్రోగ్రాములో ఎక్కడ చెడిందో కనిపెట్టి రాయడం. రాతలో రోజుకి ముప్ఫై తప్పులు పట్టుకుంటుంది. ఎదురుగా మనిషి ఉంటే మాత్రం ఆమె నోట ఒకటే మాట, "సూపర్ అండీ".

నా బానెట్ ఎత్తి స్టిక్కర్ చూసింది. ఐదంకెల నంబరు ఎక్కడికీ మోగలేదు. గూడెం వెళ్ళి అడిగితే షాపు ఉన్నచోట ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. చర్చి వెనక సందులో ఆయన ఇల్లు చూపించారు. భార్య పోయి, షాపు మూసి, వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడట. ఈమె చెప్పినదానికల్లా "ఆయ్" అన్నాడు. కారు అంటే ఆయ్, ఇంజన్ అంటే ఆయ్, ఎప్పుడొస్తారంటే ఆయ్. కానీ ఫోన్లో నా ఫొటో చూపించగానే లోపలికెళ్ళి పెట్టె తీసుకుని వచ్చేశాడు.

ఆషాఢం నాలుగు శని ఆదివారాలూ వాళ్ళిద్దరూ నా లోపలే ఉన్నారు. ఎయిర్ ఫిల్టర్లోంచి ఎలుక కాపురాన్ని ఖాళీ చేయించారు. కార్బొరేటర్ విప్పి పెట్రోల్లో కడిగారు. బ్రేకులు, పైపులు, బెల్టులు మార్చారు. కాగితాల పని హైమ చూసుకుంది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వచ్చి నా చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దుకుని వెళ్ళాడు. అంత గట్టిగా పదకొండేళ్ళలో నన్నెవరూ గుర్తుపట్టలేదు.

ముహూర్తం రోజు పొద్దున్న నన్ను స్టార్ట్ చేశారు. దగ్గాను, ఉమ్మాను, అందుకున్నాను. అరిచి చాలా ఏళ్ళయిన గొంతు ఎలా ఉంటుందో నా చప్పుడు అలా ఉంది. టపటపమని మిస్సింగ్ కొడుతున్నాను. యేసుపాదం స్క్రూడ్రైవర్ నా మీద పెట్టి, పిడి చెవికి ఆనించుకున్నాడు. ఒక తేడా ఉంది. ఈసారి ఆయన కళ్ళు మూసుకోలేదు. నిప్పురవ్వని సిలిండర్లకి వేళకి పంచే డిస్ట్రిబ్యూటర్‌ని, దాని బోల్టు వదులు చేసి, కొంచెం కొంచెంగా తిప్పుతూ హైమ మొహం వంకే చూస్తున్నాడు.

హైమ నవ్వుతోంది.

"బావుందామ్మా?"

"సూపర్ బాబాయ్!"

ఆయన బోల్టు బిగించేశాడు.

ఆమె గేరు వేసింది. చందమామ దాటాం, ఉయ్యాల దాటాం. సరిగ్గా గేటు మధ్యకి వచ్చేసరికి నా వెనక గొట్టంలో టపాకాయ పేలినట్టు ఢామ్మని మోగింది. ఆగిపోయాను. గేటు బయట లారీ మీద హెలికాప్టర్ వచ్చి ఉంది. డ్రైవరు హారన్ మీద చెయ్యి పెట్టి తీయడం లేదు. బుజ్జిబాబు పరిగెత్తుకొచ్చాడు.

"ఇదేం పనండీ, పోతే పోయింది గానీ గుమ్మానికి అడ్డం పడిపోయింది! పది గంటలకి పార్టీ దిగుద్ది. కోసేవాణ్ణి రమ్మంటున్నా."

"పావుగంట ఇవ్వండి ప్లీజ్!" అంది హైమ. అని పక్కకి చూసి ఆగిపోయింది. యేసుపాదం లారీకి మూరెడు దూరంలో, హారన్‌కి వీపు పెట్టి, తాపీగా చేతులు తుడుచుకుంటున్నాడు. తలైనా తిప్పలేదు.

ఆమె వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడింది. "బాబాయ్, మీకు వినబడటం లేదా?"

ఆయన ఆమె పెదాలు చూశాడు. గుడ్డని నాలుగు మడతలు పెట్టాడు.

"మూడేళ్ళయిందమ్మా. ఎవరికీ చెప్పలేదు. చెబితే బండి ఎవడిస్తాడు? చెప్పకపోయినా ఇవ్వలేదనుకో."

"మరి ఇందాక ఎలా సెట్ చేశారు?"

"బండి చప్పుడు బాగోకపోతే మనిషి మొహం ముడుచుకుంటది. సర్దుకుంటే వదులవుద్ది. దాన్ని బట్టి తిప్పుకుంటా. నువ్వేమో మొదట్నుంచీ పెళ్ళివారిలా నవ్వుతూ నిలబడ్డావ్! నీ మొహం నమ్ముకుని బోల్టు బిగించాను నేను!"

"మీరు పెద్దవాళ్ళు… బాలేదని ఎలా చెప్తాను బాబాయ్?"

"చెప్పకే కదా గుమ్మంలో పడుంది!"

హైమ ఫోన్ తీసింది. ఇంజన్ చప్పుడు విని గీతలు గీసే యాప్ ఉందట. ఆయన ఆ గీతల వంక చూసి చెయ్యి ఊపాడు. "అవి నాకు తెలీవు. నాకు మొహమే కావాలి. నిజం మొహం పెట్టి నిలబడు."

మళ్ళీ స్టార్ట్ చేశారు. హైమ నా ముందు నిలబడింది. నవ్వు ఆపడానికి ఆమెకి చాలాసేపు పట్టింది. ఒక చివర ఆపితే రెండో చివర మిగిలేది. చివరికి పూర్తిగా పోయింది. నాలుగు పెళ్ళిళ్ళలో ఆ మొహాన్ని నేను ఒక్కసారీ చూడలేదు. వాన నెలలో నా సీట్లు ఎలా ఉండేవో, అలా ఉంది.

యేసుపాదం తిప్పాడు, చూశాడు. ఇంకాస్త తిప్పాడు, చూశాడు. నా టపటప తగ్గింది. ఆయన మాత్రం ఆపలేదు.

"ఏమ్మా, ఇంకా అంత పాడుగా ఉందా?"

"లేదు బాబాయ్. ఇప్పుడు బానే ఉంది."

"మరి మొహం?"

"నా మొహమే ఇంత. మామూలుగా ఇలాగే ఉంటుంది." వేలితో తన మొహం చూపిస్తూ, "మీటర్‌కి జీరో ఎర్రర్ ఉందనుకోండి, ఏమీ లేనప్పుడు కూడా కొంత చూపిస్తుంది. ఆ మేరకు తీసేసి చూడండి" అంది.

ఆయనకి జీరో ఎర్రర్ అర్థమైందో లేదో తెలియదు. కానీ చాలాసేపు ఆమె వంక చూశాడు. తర్వాత డిస్ట్రిబ్యూటర్‌ని వెంట్రుకవాసి వెనక్కి తిప్పాడు. నా నాలుగు సిలిండర్లూ ఒక్కమాట మీదికి వచ్చాయి. హైమ కనుబొమల మధ్య ఏదో చిన్నది వదులైంది. ఆయన అది పట్టుకుని బోల్టు బిగించేశాడు.

లారీ వెనక్కి జరిగింది. బుజ్జిబాబు నోరు తెరుచుకుని నిలబడ్డాడు. హెలికాప్టర్ లోపలికి వెళ్ళింది, నేను బయటికి వచ్చాను.

గూడెం దాకా రెండో సీటులో యేసుపాదం కూర్చున్నాడు. అరటిగెల తర్వాత ఆ సీటులో నిజంగా ప్రయాణం చేసింది ఆయనే. చెవులతో పని లేకుండా, అరచెయ్యి నా డ్యాష్‌బోర్డు మీద ఆనించుకుని, దారంతా కళ్ళు మూసుకునే ఉన్నాడు. చర్చి సందు దగ్గర దిగి, వరండాలో తన కుర్చీ దగ్గరికి వెళ్ళి, కూర్చోకుండా నిలబడ్డాడు. నా అద్దంలో చాలాదూరం కనబడ్డాడు.

కొవ్వూరు దగ్గర గోదావరి వంతెన ఎక్కాం. కింద రైలు పోతుంటే వంతెనతో పాటు నేనూ అదిరాను. టాపు దించేసి ఉంది. ఎవరూ వెండి అట్ట పట్టుకోకపోయినా మొహం మీద ఎండ పడుతోంది. హైమ పక్క సీటు వైపు ఒకసారి చూసి, ఖాళీ బెల్టు టపటప కొట్టుకుంటుంటే దాన్ని పెట్టేసింది. అలా ఇల్లు చేరాను.

ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున్న హైమ కిందికి వచ్చి నన్ను స్టార్ట్ చేసి గూడెంకి వీడియో కాల్ చేస్తుంది. ఫోన్ నా వైపు తిప్పదు. తిప్పి లాభం లేదు. తన మొహం ముందు పెట్టుకుంటుంది. ఆయన చూసి, ఏ స్క్రూ ఎటు తిప్పాలో చెబుతాడు.

మొన్న ఆదివారం నేను బ్రహ్మాండంగా ఉన్నాను. యాప్‌లో గీత కూడా దారం పట్టినట్టు తిన్నగా ఉంది.

"మిస్సింగ్ ఉందామ్మా?" అన్నాడు ఆయన.

"లేదు బాబాయ్."

"మొహం అలా లేదే. గాలి స్క్రూ పావు చుట్టు వెనక్కి తిప్పు."

ఆమె స్క్రూడ్రైవర్ తీసుకుని నా మీదికి వంగింది. స్క్రూని ముట్టుకోలేదు. వెచ్చగా ఉన్న నా ఇంజన్ కవరు మీద కాసేపు చెయ్యి పెట్టుకుని లేచింది.

"ఇప్పుడు?"

ఆయన తెరకి దగ్గరగా వచ్చాడు. వెనకాల వరండా, ఖాళీ గోడ. "కొంచెం నయం. ఇంకో పావు."

మళ్ళీ వంగింది. మళ్ళీ లేచింది. నాలో ఏ లోపమూ లేదని నాకు తెలుసు, ఆమెకి తెలుసు. ఆయనకి తెలుసో లేదో మాత్రం అంత చిన్న తెరలో కనబడదు. పెట్రోలు ముల్లు కిందికి జారుతోంది. హైమ తాళం వైపు చెయ్యి చాపింది.

"ఆపకమ్మా," అన్నాడు ఆయన. "ఇంకా సెట్ అవలేదు."