టైసనే గొప్పన్న రోజు

డాక్టరు తనను బయట బెంచీ మీద కూర్చోబెట్టి కూతుర్ని మాత్రమే లోపలికి పిలిచినప్పుడే గున్నేశ్వరరావుకి అనుమానం వచ్చింది. బయటికొచ్చిన సాయిసుధ కళ్లు తుడుచుకుని, "ఏం లేదు నాన్నా, గ్యాస్ ట్రబులంట" అంది. గ్యాస్‌కి ఎవరైనా కళ్లు తుడుచుకుంటారా? రాజమండ్రి నుంచి భీమవరం దాకా కారులో పాటలు పెట్టింది, ఆయన నోరెత్తకుండా.

ఆ రోజు నుంచీ ఇంట్లో అంతా నాటకమే. ఆవకాయ ముట్టుకుంటే ఇల్లు పీకి పందిరేసే భార్య, "తినండి, నోటికి రుచిగా ఉంటుంది" అంటూ తనే వడ్డిస్తోంది. ఏమైందే అంటే అందరిదీ ఒకటే మాట, గ్యాస్. ఛీ, తన ఒంట్లో ఏముందో తనకి తప్ప ఊరందరికీ తెలిసినట్టుంది!

నిజం రాబట్టగలిగేది ఒక్క పల్లంరాజు దగ్గరే. రొయ్యల చెరువులున్న మనిషి, మొహమాటమన్నది ఎరగడు. రోజూ సాయంత్రం గున్నేశ్వరరావు ఐస్ ఫ్యాక్టరీకి వచ్చి టీ తాగుతూ గొడవేసుకుంటాడు. బాక్సింగులో అలీ గొప్పా, టైసన్ గొప్పా? వీసీఆర్ క్యాసెట్ల రోజుల్లో మొదలైన ఆ తగువు ఇప్పుడు ఫోన్లో వీడియోలు చూసుకుంటూ నడుస్తోంది. ఇరవై ఏళ్లకే చాంపియనైన టైసన్ ముందు ఎవడు నిలుస్తాడని గున్నేశ్వరరావు. ఫోర్‌మన్ అంతటివాడి దెబ్బలన్నీ తాళ్లకి ఆనుకుని కాచుకుని, వాడు అలిసిపోయాక పడగొట్టిన అలీకి సాటెవడని పల్లంరాజు. ఒకసారైతే టీ గ్లాసు నేలకేసి కొట్టి వెళ్లిపోయాడు కూడా. ఇలాంటివాడు తనకి అబద్ధం చెప్పడు.

ఆ సాయంత్రం పల్లంరాజు వచ్చి కూర్చోగానే గున్నేశ్వరరావు గిల్లాడు.

"ఏవండీ రాజుగారూ, టైసన్ ఊపుమీదున్నప్పుడు తగిలితే మీ అలీ రెండో రౌండు చూడడండి."

పల్లంరాజు టీ గ్లాసులోకి చూస్తూ, "అదీ నిజమేలెండి. టైసనే గొప్ప" అన్నాడు.

ఎన్నడూ ఒప్పుకోని మనిషి ఒప్పేసుకున్నాడు! అయినా ఇంకోసారి చూద్దామనుకున్నాడు.

"హోలీఫీల్డ్ చేతిలో ఓడిపోయాడే, ఆనాటి టైసన్ కూడా అలీని కొడతాడంటారా?"

"ఆయ్, ఎందుకు కొట్టడండి!"

అప్పుడు గంగయ్య గుర్తొచ్చాడు. ఈ తగువులో ఒకప్పుడు మూడోవాడు. ఒక్కసారీ ఓడకుండా రిటైరైన మార్సియానోనే గొప్పంటే వీళ్లిద్దరూ పడీపడీ నవ్వేవారు. చివరిరోజుల్లో ఆస్పత్రి మంచం మీద ఆయన మళ్లీ అదే అంటే, పోయేవాడి మాటకి ఎదురెందుకని, "అవును గంగయ్యా, మార్సియానోయే" అన్నారు. ఆ మాటకి గంగయ్య ఎందుకంత బెంబేలుపడ్డాడో ఇప్పుడు తెలిసింది.

"నన్ను గంగయ్యని చేసేశారేంటండీ రాజుగారూ?"

"అబ్బే, అదేం మాటండీ..." అని పల్లంరాజు గ్లాసు కింద పెట్టేశాడు. చుట్టూ చూసి, "పిల్ల ఒట్టేయించుకుందండి, చెప్పొద్దని" అన్నాడు. "లివర్లో గడ్డంట. హైదరాబాద్ తీసుకెళ్తారంట. ఆపరేషన్ చేస్తే చాన్సుందంటన్నారు."

గున్నేశ్వరరావుకి భయమేసింది. కానీ ఇన్నాళ్లూ ప్రతి మొహంలోకీ దొంగచూపులు చూస్తూ పడ్డ యాతన మాత్రం దిగిపోయింది.

"మరిప్పుడు నిజం చెప్పండి. ఎవరు గొప్ప?"

పల్లంరాజు కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"టైసనేంటండీ, మీ మొహం! కొట్టడం ఎవడైనా కొడతాడు. దెబ్బలు తిని నిలబడాలండి. అలీ నిలబడ్డాడు."

"అదీ!" అని గున్నేశ్వరరావు బల్ల మీద గట్టిగా చరిచాడు. "ఇప్పుడు చెప్పండి, ఆపరేషన్ ఎప్పుడంట?"