సోదాకు ఒక్కతే

పోలీసు ఉద్యోగంలో ఆడా మగా తేడా లేదని లోకంలో ఒక గట్టి నమ్మకం ఉంది. రాష్ట్రమంతటికీ ఒకటే దళం, ఒకటే స్కేలు. కానిస్టేబులుకి కానిస్టేబులు జీతం, హెడ్డుకి హెడ్డు జీతం. ఆమె కూడా చాలాకాలం ఆ నమ్మకంతోనే పొద్దున్నే రెండు యూనిఫారాలు ఇస్త్రీ చేసింది. తనూ భర్తా ఒకేరోజు కొలువులో చేరినవాళ్ళే, ఇద్దరిదీ ఒకే స్టేషను. ఇప్పుడు భర్త చొక్కా చేతిమీద హెడ్డు కానిస్టేబులుకుండే మూడు చారలున్నాయి. తన చొక్కా చేయి నున్నగా ఉంటుంది కనుక తొందరగా అయిపోతుంది.

"చారలు జాగ్రత్తే తల్లీ, కాలిపోతే మళ్ళీ కానిస్టేబులునవుతా," అన్నాడతను మంచం దిగకుండానే.

హెడ్డు కావాలంటే మూడు నెలలు శిక్షణకు వెళ్ళాలి. భర్త వెళ్ళినప్పుడు పెట్టె సర్దింది ఆమే. ఆమె పేరు మాత్రం శిక్షణ జాబితాలోకి ఏటా వచ్చేది, ఏటా ఆగిపోయేది. స్టేషనుకు మంజూరైన మహిళా పోస్టులు రెండు. రెండోది ఆమె చేరిననాటి నుంచీ ఖాళీయే. పట్టుబడిన ఆడమనిషిని సోదా చేయాలన్నా, ఆసుపత్రికి తీసుకెళ్ళాలన్నా ఆడ కానిస్టేబులే ఉండాలి. "నువ్వు లేకపోతే స్టేషన్ నడవదమ్మా," అనేవాడు ఇన్‌స్పెక్టరు. "నువ్వు లేకపోతే ఇల్లు నడవదే," అనేది అత్తగారు. మొదట్లో రెండూ పొగడ్తల్లాగే వినిపించాయి. గానుగెద్దును కూడా ఇలాగే మెచ్చుకుంటారేమో, అది లేకపోతే గానుగ నడవదు కదా, అని ఒకరోజు బియ్యం కడుగుతూ అనుకుంది. లేకుండా జరగని మనిషికి ఎక్కువ ఇవ్వడం లోకధర్మమైతే తనకీపాటికి ఏదో ఒకటి రావాలి. రాలేదు. కదలనివ్వకపోవడమే వచ్చింది.

ఈ ఏడూ పేరు ఆగితే ఇన్‌స్పెక్టరు ఎదుట నిలబడి ఎందుకని అడిగింది.

"మీ ఆయన్ని అడిగానమ్మా. 'పిల్లకి పరీక్షలు, ఈసారికి వద్దు సార్' అన్నాడు. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. ఆ సాయంత్రం కూరగాయలు తరుగుతూ భర్తనే అడిగింది. అతను నవ్వాడు.

"ఒక ఒరలో రెండు కత్తులెందుకే?"

"ఇద్దరూ హెడ్లయిపోతే పొయ్యి దగ్గర హెడ్డెవరమ్మా?" అంది అత్తగారు, కొడుకు నవ్వుకు నవ్వు కలుపుతూ. ఆమె తరగడం ఆపలేదు. ఇన్నేళ్ళూ అడ్డుపడింది ఖాళీ కుర్చీయే అనుకుంది. ఆ కుర్చీ వెనక నిలబడ్డ మనిషిని చూడలేదు.

నెలకోసారి పెద్ద అధికారి వచ్చి, అందరినీ వరుసలో నిలబెట్టి, కష్టాలేమైనా ఉన్నాయా అని అడిగే తంతును దర్బారంటారు. లేవు సార్ అనడం ఆనవాయితీ. ఆ నెల దర్బారులో ఆమె ఒకడుగు ముందుకు వేసింది. మొదటి వరుసలో ఉన్న భర్త మెడ తిప్పాడు.

"రెండో మనిషిని ఇవ్వరు సార్, నన్ను శిక్షణకు వదలరు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కుతినా తిననివ్వదు అన్నట్టుంది నా బతుకు."

వరుసలో నవ్వులు వినిపించాయి.

"రెండో మనిషిని ఎక్కణ్ణించి తెమ్మంటావు? దళమంతా ఖాళీలే," అన్నాడు అధికారి. "పక్క జిల్లాలో నలుగురు ఆడవాళ్ళున్న స్టేషనుంది, వెళ్తావా? అక్కడైతే నిన్ను వదలగలరు. కానీ కోరి వెళ్ళినట్టు లెక్క. సీనియారిటీ మొదటినుంచి మొదలవుతుంది. మీ ఆయనతో మాట్లాడుకుని రేపు చెప్పు."

"అక్కర్లేదు సార్. కోరే వెళ్తాను."

ఇంట్లో భర్త అన్నం ముట్టలేదు. "నిన్నగాక మొన్న చేరిన పిల్లలు కూడా అక్కడ నీకు సీనియర్లే. ఉన్నదీ పోగొట్టుకున్నావు. బుద్ధుందా?"

"ఉన్నదేముంది?"

"మరి పిల్లో?"

"పరీక్షలయ్యాక నా దగ్గరికి వస్తుంది. అప్పటిదాకా మీరున్నారుగా."

సోమవారం ఆమె కొత్త స్టేషనులో చేరింది. సీనియారిటీ జాబితాలో ఆమె పేరు అట్టడుగున చేరింది. ఆ ఏడాది శిక్షణకు ఆమె వంతు రాలేదు. జీతం మారలేదు. పాత స్టేషనులో మహిళా ఖాళీలు రెండయ్యాయి.