కిందికి రాని చెండు

పొద్దున లేస్తూనే కుళ్లాయప్పకు ఇల్లు నీళ్ళు పోసి కడగాలనిపించేది. బొంబాయి ఓడల మీద అబ్బిన అలవాటు. గోరంట్ల పక్క పల్లెలో, వాన మొహం చూసి మూడేళ్ళయిన చోట, ఆ మాట పైకి అంటే జనం నవ్వుతారు. అందుకని పొడిచీపురుతోనే ఊడ్చుకుని, పొయ్యి ముట్టించి సంగటి కెలుక్కునేవాడు. భార్య పోయి ఆరేళ్ళయినా ఆ చేతికి ఒక్కడి కొలత అలవాటు కాలేదు. మిగిలింది వీధికుక్కకు పెట్టి, కళ్ళం పక్క బయలుకు పోయేవాడు. అక్కడ ఆకాశంలో అతని చెండు ఉంది.

పన్నెండేళ్ళప్పుడు కొట్టిన చెండు అది. పాత చీరపేలికలు చుట్టి, పురికొసతో బిగించి కుట్టిన గుడ్డచెండు. చింతకట్టెతో ఒక్కటి కొడితే పైకి పోయింది. ఇంకా కిందికి రాలేదు. మిట్టమధ్యాహ్నం దాని నీడ బయల్లో రొట్టెంత పడుతుంది. గొర్రెలు తోలుకుపోయేవాళ్ళు ఆ నీడను తొక్కకుండా పక్కకు జరిగి, వాన సంగతో శెనక్కాయ సంగతో మాట్లాడుకుంటూ పోతారు.

చెండు కింద, ఆనాడు పట్టడానికి నిలబడ్డ జతగాడు బయ్యన్న ఇంకా ఉంటాడు. నేల తాకకముందే పట్టుకుంటే కొట్టినవాడు ఔట్. పట్టాల్సినవాడు చోటు వదిలిపోతే వాడే ఓడినట్టు. బయ్యన్న వదల్లేదు. బయలు పక్క చేనే దున్నుకున్నాడు, మారెక్క మెడలో తాళి ఆ బయల్లోనే కట్టాడు, గోరంట్ల సంత కూడా ఎరగడు. యాభై రెండేళ్ళు ఆకాశంకేసి చూసి చూసి రెండు కళ్ళకూ పొర కమ్మింది.

కుళ్లాయప్ప మాత్రం ఆ మరుసటి ఎండాకాలమే మామ వెంట బొంబాయి పోయాడు. రేవులో తాళ్ళపని. రిటైరయ్యాక నాలుగేళ్ళు, జనానికి చూపించే పాత ఓడల మీద జీతం బత్తెం లేకుండా పనిచేశాడు. ఒకటి తెరచాపల ఓడ, ఒకటి యుద్ధనౌక. ఇత్తడి తోమేవాడు, చూడవచ్చినవాళ్ళకు ముడులు నేర్పేవాడు. అన్నిటికన్నా అతనికి ఇష్టమైంది తాడుచెండు. తాడు కొసన గట్టిగా అల్లిన ఉండ. ఓడ మీంచి విసిరితే గట్టు మీదివాళ్ళు అందుకుని ఓడను లాగి కట్టేస్తారు. అతని గురి ఎప్పుడూ తప్పలేదు. మెచ్చుకున్నవాళ్ళకల్లా చెప్పేవాడు, "మా ఊళ్ళో నేను కొట్టిన చెండు ఇంకా దిగలేదు. నేనింకా ఔట్ కాలేదు." భార్య పోయాక బొంబాయి గదిలో అతనికి తోడున్నది ఆ ఒక్క మాటే.

మోకాళ్ళు ఇనుప నిచ్చెనలకు మొరాయించాక ఊరికొచ్చాడు. వచ్చి రెండేళ్ళయింది. ఆట మధ్యలో లేచిపోయినవాడితో మాటలేమిటని బయ్యన్న ఒక్కనాడూ పలకలేదు. రోజూ బయలుకు ఒక పక్క ఈయన, ఒక పక్క ఆయన. పలకరిస్తాడేమోనని చూసి, ఎండ ముదిరాక కుళ్లాయప్ప ఇంటికి పోయేవాడు.

ఒకనాడు మారెక్క అతని వాకిట్లోకి వచ్చింది.

"అన్నా, ఆయప్ప కండ్లు పోతాండాయి. బేస్తవారం గోరంట్లలో ఆపరేషన్లు చేస్తారంట. ఇప్పుడు చేపించకుంటే ఇంక లాభం లేదని డాక్టరు చెప్పినాడు. రమ్మంటే కదల్డు. నేను పోయినాక చెండు దిగితే ఎట్ల అంటాడు."

"ఇన్నేండ్లు దిగనిది పోయొచ్చే రెండు దినాల్లో దిగుతాదా?"

"ఆ మాట నువ్వే చెప్పుపో. ఆ చెండు ఆడికి పంపింది నువ్వే కదన్నా."

కుళ్లాయప్ప ఆ రోజే పని మొదలుపెట్టాడు. ఎండిన బావి దగ్గర పనిలేక పడి ఉన్న చేంతాడు తెచ్చి, కొసన గులకరాయి పెట్టి, రెండు రోజులు కూర్చుని తాడుచెండు అల్లాడు. అల్లుతూ అల్లుతూ ఆగిపోయేవాడు. ఔటైతే తనకంటూ ఏం మిగులుతుందో అతనికి తోచలేదు.

బేస్తవారం పొద్దున బయల్లో నిలబడి, ఆకాశంలోని చెండు మీదికి విసిరాడు. మొదటిసారి అందలేదు. రెండోసారి పక్కనుంచి పోయింది. మూడోసారి తగిలింది.

గుడ్డచెండు కదిలింది. దిగసాగింది. బయ్యన్నకు అది కనబడలేదు. చేతులు చాపి ఊరికే ఆకాశాన్ని తడుముతున్నాడు. కుళ్లాయప్ప నోరు మూసుకుని ఉంటే చాలు, చెండు నేల తాకుతుంది. ఆట గెలుస్తాడు.

"రెండడుగులు ఎనక్కి రా, బయ్యన్నా! ఎడమకు! ఇంకొంచెం!"

చెండు దోసిట్లో పడింది. బయ్యన్న దాని కుట్లన్నీ వేళ్ళతో తడిమి చూసుకున్నాడు.

"ఔట్, కుళ్లాయా."

"ఔటే లేరా," అన్నాడు కుళ్లాయప్ప. కుళ్లాయా అన్న ఆ పిలుపు విని ఎన్నాళ్ళయిందో, కళ్ళు తుడుచుకున్నాడు.

"కట్టె ఇయ్యి. ఇప్పుడు నా ఆట."

"బస్సు వస్తాండాది రా."

"వస్తే నిలబడతాది. నేను నిలబడలేదా యాభై రెండేండ్లు!"

బస్సుకు బయలుదేరి వచ్చిన మారెక్క కట్టె అందించింది. బయ్యన్న చెండును ఎగరేసి, అందాజుగా ఒక్కటి కొట్టాడు. అది పైకి పోయింది. ముగ్గురూ చూస్తూ నిలబడ్డారు. బస్సు హారన్ కొట్టింది.

"దిగిందా?" అన్నాడు బయ్యన్న.

"దిగలేదు," అంది మారెక్క.

కుళ్లాయప్ప ఎవరూ చెప్పకుండానే పోయి దాని కింద నిలబడి చేతులు చాపాడు.

"ఈడనే ఉండు. యాడికీ పోవద్దు," అని బయ్యన్న మారెక్క భుజం పట్టుకుని బస్సెక్కాడు.

నెలన్నరకు కార్డు వచ్చింది. బొంబాయి నుంచి, మారెక్క ఎవరిచేతనో రాయించింది. 'అన్నా, కండ్లు వచ్చినాక ఆయప్ప నువ్వు పోయిన చోటు చూడాలంటే బొంబాయికి వచ్చినాము. నువ్వు పనిచేసిన ఓడ ఎక్కినాము. ఆయప్పకు బాగా కనబడతాండాది. ఇనుప నిచ్చెనలు రెండుసార్లు ఎక్కి దిగినాడు. సముద్రం చూసి ఇంటికి రానంటాండాడు. చెండు దిగితే జాబు రాయమన్నాడు.'

కుళ్లాయప్ప నిలబడే చదువుకున్నాడు. గొర్రెలవాళ్ళు నీడను తప్పించుకుని పక్కగా పోయారు. ఇంత ఒంటరితనం అతనికి బొంబాయిలో కూడా తెలియదు. కార్డు జేబులో పెట్టుకుని, చేతులు పంచెకు తుడుచుకుని, మళ్ళీ దోసిలి పట్టాడు.