తెల్లవాళ్ళ జబ్బు

తోజామా మూడో బకెట్టు నీళ్ళు పారబోసింది. గుడ్డల జిడ్డు ఇంకా వదల్లేదు. దక్షిణాఫ్రికాలో ఉమ్‌తాతా ఊరి దగ్గరి ఆసుపత్రిలో ఇరవై రెండేళ్ళుగా పసిపిల్లల గుడ్డలు ఉతుకుతోంది. ఏ కంపుకూ ముక్కు మూసుకున్న మనిషి కాదు. కానీ ఆరో మంచం మీది పసివాడు లువో గుడ్డలు ముంచితే నీళ్ళ మీద నూనె తేలేది, ఆమె కూడా ముక్కు మూసుకునేది.

బిడ్డ తిన్నది తిన్నట్టే విరేచనంలో పోతోంది. కేసు కాగితం మీద మాత్రం "తల్లి సరిగా పెట్టడం లేదు" అని ఉంది. ఆ రాత కన్నా గుడ్డల కంపే నయం.

ఉదయం హెడ్ నర్సు వార్డు మధ్యలో నిలబడి లువో తల్లి నొక్వాండాను కడిగేసింది. "బలానికని బిడ్డకిచ్చిన వేరుశనగ ముద్ద పొట్లాలన్నీ నువ్వే మింగుతున్నావా ఏంటే? ఏడాది బిడ్డ ఎలా ఉన్నాడో చూడు, పుల్లలాగా!"

"వాడి మీదొట్టు సిస్టర్, అన్నీ వాడే తిన్నాడు."

ఎవరూ నమ్మలేదు. తోజామా నమ్మింది. ముద్దు పెట్టుకుంటే లువో నుదురు ఉప్పు కషాయంలా ఉంటుందని నెల కిందటే డాక్టరుకు చెప్పింది. ఆయన నవ్వాడు. "ఒళ్ళు ఉప్పగా ఉండేది తెల్లవాళ్ళ జబ్బు తోజామా. మన పిల్లలకి దగ్గంటే క్షయే." క్షయ మందు రెండోసారి మొదలుపెట్టాడు. ఆమె పోరు పడలేకే చివరికి బిడ్డ రక్తం పరీక్షకు నగరానికి పంపాడు.

మధ్యాహ్నం నగరం నుంచి ఫోను వచ్చింది. డాక్టరే గుడ్డలుతికే గదిదాకా నడిచి వచ్చాడు.

"నువ్వన్నదే నిజం. ఒంట్లో కణాలకి ఉప్పు దాటే సన్నటి దారులుంటాయి. వాడికవి పుట్టుకతోనే తప్పుగా తయారయ్యాయి. అందుకే కఫం జిగురై ఊపిరికి అడ్డం పడింది, తిన్నది అరగట్లేదు. తల్లి నుంచొకటి, తండ్రి నుంచొకటి వచ్చిన లోపం. ఎవరి తప్పూ కాదు."

"అయితే ఆ రాత కొట్టెయ్యండి డాక్టర్."

"ముందు తిన్నది అరిగించే మందు రానీ. సాయంత్రం బండిలో వస్తుంది."

నాలుగింటికి తల్లి ఒళ్ళోనే లువో దగ్గడం మానేశాడు. నొక్వాండా చాలాసేపు వీపు నిమురుతూనే ఉంది. తర్వాత బిడ్డను తీసుకెళ్ళిన నర్సు వెనకే నడిచిపోయింది. డాక్టరు కేసు కాగితం ఇంకా దిద్దలేదు; హెడ్ నర్సు దాన్ని చూసి మరణ కాగితంలోకి పాత రాతే ఎక్కించింది: క్షయ, తల్లి నిర్లక్ష్యం. తోజామాకు అసహ్యంతో నోరంతా చేదెక్కింది. పక్కకు తిరిగి సింకులో ఉమ్మింది.

అయిదున్నరకు బండి వచ్చింది. ఆరో మంచం ఖాళీ పరుపు మీద ఎవరో మాత్రల సీసా పెట్టి వెళ్ళారు. దాని మీద లువో పేరు ఉంది, కింద "ప్రతిసారీ తినిపించే ముందు" అని ఉంది, మూత సీలు తియ్యలేదు.