బోసి చేతులు

"సేతులు సబ్బెట్టి ఎలగ కడుక్కోవాలో నేర్పుతారంట. దానికి గవర్నమెంటోళ్ళు పనిగట్టుకుని క్లాసులెడతన్నారు. ఇది ఆడోళ్ళ యవ్వారం, నువ్వెళ్ళు," అన్నాడు శ్రీరామ్మూర్తి, తాయారు అందించిన చెంబుతో నోరు పుక్కిలిస్తూ.

తాయారు అప్పటికే షెడ్డు నేల కడిగి, ఐసు దింపించి, ఇంటికొచ్చి పొయ్యి రాజేసింది. కడగడమనే మాట ఎక్కడ పుట్టినా తిన్నగా తన నెత్తి మీదకే వచ్చి వాలుతుందని ఆమెకి తెలుసు. అయినా మూతి ముడవలేదు. పట్టపగలు ఇంట్లోంచి బయటపడి, కుర్చీలో కూర్చుని, ఒకరు చెబుతుంటే వినడం పెళ్ళయ్యాక ఇదే మొదలు. ఆ సంతోషం మొగుడి కంటబడకుండా "సరే, ఎల్తాన్లెండి" అని ఊరుకుంది.

చేపల రేవు వెనక సందులో, వాళ్ళ ఇంటిని ఆనుకునే ఉంటుంది ఆ రొయ్యల షెడ్డు. దాని మీద 'శ్రీరామ్మూర్తి అండ్ సన్స్' అని బోర్డు. కొడుకులు లేరు. ఉన్నది ఒక్కగానొక్క కూతురు. షెడ్డుకి పెట్టిన డబ్బు, తాయారుకి పుట్టింటివాళ్ళు పసుపు కుంకాల కింద ఇచ్చిన చెక్క భూమి ఉక్కు ఫ్యాక్టరీ కిందికి పోతే వచ్చిన పరిహారం. ఆ సంగతి రాయడానికి బోర్డు మీద చోటు చాలలేదు కాబోలు. రొయ్యలు కొనడం, ఒలిపించడం, కడిగించడం, కూలీలకీ కంపెనీకీ మధ్య మాటలు పడటం తాయారు పని. ఇస్త్రీ చొక్కా వేసుకుని, రొయ్యల్ని గడ్డకట్టించి ఓడ ఎక్కించే ఆ కంపెనీ వాళ్ళ దగ్గర కూర్చుని టీ తాగడం శ్రీరామ్మూర్తి పని. పాపం, అదీ కష్టమే. ఎండలో వెళ్ళాలి కదా.

అసలీ క్లాసుల గొడవంతా ఒక గాజు పెంకు వల్ల వచ్చింది. జపాను వెళ్ళాల్సిన రొయ్యల గడ్డలో ఆకుపచ్చటి గాజు ముక్క దొరికిందని కంపెనీ సరుకు తిప్పి పంపేసింది. "ఆడోళ్ళ సేతులు సూసుకోడం కూడా సేతకాదేటి నీకు?" అని శ్రీరామ్మూర్తి కూలీల ముందే అరిచాడు. ఇలాంటివి రేవులో చాలా షెడ్లలో జరుగుతున్నాయేమో, పందొమ్మిది వందల డెబ్భై ఎనిమిదిలో ఎగుమతి నిబంధనలు గట్టిగా బిగిశాయి. తనిఖీలో నెగ్గని షెడ్డు సరుకు ఇక రేవు దాటదు, తాళం వేసుకోవడమే. అయితే చిన్న షెడ్లు మునిగిపోకుండా ప్రభుత్వం సాయం కూడా ప్రకటించింది. సిమెంటు నేలకి, రేకు బల్లలకి, నీళ్ళ ట్యాంకుకి సగం ఖర్చు ఇస్తారు. షెడ్డుకొకరికి ఉచితంగా శిక్షణ ఇస్తారు.

క్లాసులో మగవాళ్ళు కునికిపాట్లు పడుతుంటే తాయారు మాత్రం రెప్పవేయకుండా వింది. ఆఖరి రోజున, పాఠం చెప్పే ఆఫీసరు కృపావతి రెండు మాటలు చెప్పింది. "శిక్షణ పొందిన మనిషే షెడ్డుకి బాధ్యులు. వాళ్ళ సంతకం లేకుండా సరుకు కదలదు. తాయారుగారూ, మీ షెడ్డుకి అది మీరే. మీ ఆయన సంతకం పెడితే చెల్లదు. ఇంకొకటి. ఒలిచే బల్ల దగ్గర గాజులు, ఉంగరాలు, దారాలు ఏవీ ఉండకూడదు. బోసి చేతులతోనే ఒలవాలి."

మొదటి మాటకి తాయారు గుండె పొంగింది. రెండో మాటకి జారిపోయింది.

మొదటి మాట విని శ్రీరామ్మూర్తి పెద్దగా నవ్వాడు. కంపెనీకెళ్ళి కనుక్కుని వచ్చాక నవ్వలేదు. రెండో మాట విన్నది అత్త రామలక్ష్మమ్మ. "నా కొడుకు గుండ్రాయిలాగ బతికుంటే సేతులు బోసి సేసుకుంటావేటే? నా బోసి సేతులు సూసి కూడా నీకు బుద్ధి రానేదా?" అని శోకాలు మొదలెట్టింది. షెడ్డులో రొయ్యలొలిచే నూకాలుదీ అదే మాట, కాకపోతే నెమ్మదిగా అంది. "నా మొగుడు ఏటకెల్లి సంద్రం మీదున్నాడు తల్లీ. ఇప్పుడు నాను గాజులు తీసేత్తే ఆడికేటైనా అయితే? పనైనా ఒగ్గేత్తాను గానీ తియ్యను."

నూకాలు భయాన్ని తాయారు తీసిపారేయలేకపోయింది. అదే భయం తన మణికట్టు మీదా ఉంది. పనిచేస్తూనే రోజంతా ఆలోచించింది. పెళ్ళయిన నాటి నుంచి ఈ చేతుల్ని అందరూ చూస్తూనే ఉన్నారు, కానీ వాటి మీదున్నవే చూశారు. గాజులు నిండుగా ఉన్నాయా, పసుపు ఉందా, మొగుడున్న చేతులా, పోయిన చేతులా. ఆ చేతులు ఏం చేశాయో, ఐసులో ఎంత పగిలాయో, రొయ్య ముళ్ళు ఎక్కడెక్కడ దిగాయో ఎవరూ అడగలేదు. ఎక్కడో జపానువాళ్ళ కోసం రాసిన ఒక రూలు మొదటిసారి వేరే ప్రశ్న అడుగుతోంది. ఎవరి పెళ్ళానివి అని కాదు, శుభ్రంగా ఉన్నావా అని. అంతే. ఆ ప్రశ్నకి నిక్షేపంగా జవాబు చెప్పగల ఆడవాళ్ళు ఈ రేవులో లేరా? ఉన్నారు. రోజూ తన షెడ్డు గుమ్మానికి అల్లంత దూరాన కూర్చుని ఉంటున్నారు!

వాళ్ళు వేటకెళ్ళి తిరిగిరాని మగవాళ్ళ పెళ్ళాలు. తొలి సరుకు తూకమయ్యేదాకా వాళ్ళు ఎదురు పడకూడదు. తూకమయ్యాక వచ్చి, పారబోసే రొయ్య తలకాయలు ఏరుకుపోతారు. వాళ్ళలో దేముడమ్మ, మొగుడున్న రోజుల్లో ఈ షెడ్డులోనే ఒలిచేది. మొగుడు పోయిన మర్నాటి నుంచి ఎవరూ పిలవలేదు. తాయారు కూడా పిలవలేదు.

తాయారు తిన్నగా వెళ్ళి దేముడమ్మ పక్కన చతికిలబడింది. "నా షెడ్డు నిలబడాలంటే నువ్వు రావాల. నీలాటోళ్ళందర్నీ తీసుకురా. తూకమయ్యాక కాదు, తూకానికి ముందే."

దేముడమ్మ ఆమె మొహంలోకి అనుమానంగా చూసింది. "మీ ఆయన ఊరుకుంటాడేటి?"

"ఆయన్ని నాకొగ్గేయ్."

ఊరుకోలేదు మరి. శ్రీరామ్మూర్తి ఇల్లెగిరిపోయేలా అరిచాడు. "పొద్దున్నే ముండమోపుల్ని వరసగా కూకోబెడతావేటి? యాపారం సంకనాకిపోద్ది!"

"నాను కూకోబెట్టకపోతే రేపు తనిఖీలో తాళమేసి పోతారు. నూకాలోళ్ళకి ఐసు పనీ తూకం పనీ ఇచ్చాను, ఎవుల్నీ తీసీలేదు. బల్ల కాడ మాత్రం ఈళ్ళే. కాదంటే సెప్పండి, నాను సంతకమెట్టను. మీరెట్టినా సరుకు ఎల్దు."

మొగుడి మాటకి ఎదురుచెప్పాక వణుకుతానేమో అనుకుంది తాయారు. వణకలేదు. పైగా ఆకలేసింది. శుభ్రంగా అన్నం పెట్టుకు తింది.

తనిఖీ రోజు పొద్దున షెడ్డు గుమ్మం ముందు నిలబడి, సబ్బు నురగ రాసుకుని తాయారు తన గాజులు ఒక్కొక్కటే లాగేసింది. మొత్తం తీసి అత్త చేతిలో పెట్టింది. రామలక్ష్మమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని, మళ్ళీ తెరిచి ముందు కొడుకు వైపు చూసింది. శ్రీరామ్మూర్తికి ఏమీ కాలేదు. కనీసం తుమ్మైనా రాలేదు.

కృపావతి వెంట వచ్చిన పెద్దాఫీసరు లోపలికి అడుగుపెట్టబోతూ "ఇక్కడ బాధ్యులెవరు?" అన్నాడు. శ్రీరామ్మూర్తి చొక్కా సవరించుకుని ముందుకొచ్చాడు. అతని వేలికి పచ్చరాయి ఉంగరం, మణికట్టుకి సింహాచలం దారం. తాయారు గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టింది. "మీరు బయటుండండి," అని, ఆఫీసరు వైపు తిరిగి "నానేనండి," అంది.

ప్రభుత్వ సాయంతో కొత్తగా వేసిన రేకు బల్లకి అటూ ఇటూ దేముడమ్మా మిగతావాళ్ళూ కూర్చుని, ఐసులో ఉంచిన నిన్నటి రొయ్యలు ఒలుస్తున్నారు. ఆఫీసరు నీళ్ళు చూశాడు, ఐసు చూశాడు, వంగి వాళ్ళ చేతులు చూశాడు. అన్ని చేతులకీ కలిపి ఒక్క గాజు గానీ, ఒక్క దారం గానీ లేదు. "ఇంత పద్ధతిగా ఉన్న షెడ్డు ఈ రేవులో ఇదే మొదటిది," అన్నాడు. "పాసయ్యారమ్మా." కృపావతి నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది. దేముడమ్మ తలెత్తలేదు గానీ, ఆమె ఒలిచే వేగం పెరిగింది.

ఆఫీసర్లు వెళ్ళారో లేదో సందు మొదట్లో రొయ్యల బుట్టలు దిగాయి. నూకాలు కాటా సిద్ధం చేసింది. తొలి సరుకు వచ్చే వేళకి ఇంటి వెనక్కి తప్పుకోవడం రామలక్ష్మమ్మకి అలవాటు. భర్త పోయినప్పటి నుంచి ఎవరూ చెప్పకుండానే తప్పుకుంటోంది. ఇవాళ తప్పుకోలేదు. బుట్టలు తన ముందునుంచే లోపలికి పోతుంటే చూస్తూ నిలబడింది. తర్వాత ట్యాంకు దగ్గరికెళ్ళి మోచేతుల దాకా కడుక్కుని గుమ్మంలోకొచ్చింది.

"తాయారూ, నీ గాజులు ఉట్టి మీదెట్టాను," అంది. "మీ మావ పోయిన కాణ్ణించీ నా సేతులకి ఒక్క మంచి పని సెప్పినోళ్ళు నేరు. ఆ బల్ల కాడ నాకూ సోటుంటాదేటి?"

"అమ్మా, నీకేటి కర్మ!" అన్నాడు బయటనుంచి శ్రీరామ్మూర్తి. అతనివైపు ఎవరూ తిరగలేదు.

తాయారు కళ్ళు నిండాయి. బల్ల వైపు తిరిగి గొంతెత్తి పిలిచింది.

"జరగండే! మా అత్త పన్లోకొచ్చింది."