మీట కిందికుంటే వెలిగినట్టు

నాకు కళ్ళు కనబడవు. జాలి పడదలచుకున్నవాళ్లు ఇక్కడే పడేసి ముందుకు రండి. నేను చెప్పేది స్విచ్చు సంగతి.

ఈ దీవిలో జంగ్లీఘాట్ చేపల రేవుకు పైన, మెరక మీద మా ఇల్లు. వరండా గోడకు మా అత్త కాలం నాటి నల్లటి గుండ్రటి స్విచ్చు ఉంది. మీట కిందికుంటే దీపం వెలిగినట్టు, పైకుంటే ఆరినట్టు. మగవాడు సముద్రం మీదికి చేపల వేటకు వెళితే సందెవేళ ఇంటి ఆడది ఆ దీపం వెయ్యాలి. అతను గుమ్మం ఎక్కాక, వేసిన చేత్తోనే ఆర్పాలి. అది మా అత్త పెట్టిన పద్ధతి. నా మొగుడు గవరయ్య పడవను మలుపు తిప్పగానే ముందు ఆ దీపం కోసమే చూస్తాడు.

చూపు పోయాక చేపలు కోసే పని పోయింది, బజారు పోయింది. ఆ దీపం మాత్రం నాకే మిగిలింది. మీట మీద వేలు పెడితే వెలుగుతోందో లేదో తెలిసిపోయేది. పైన ఫ్యాను ఆగితే కరెంటు పోయినట్టు, అప్పుడు లాంతరు పెట్టేదాన్ని. ఎవర్నీ అడగక్కర్లేదు.

మా అబ్బాయి చక్రి హోటళ్లలో ఫోనుతో వెలిగే దీపాలు బిగిస్తాడు. వచ్చిన బేరగాళ్లకు చూపించడానికి మా ఇంటికీ బిగించాడు.

"పాత స్విచ్చులు పీకనేదమ్మా, నీ కోసమే వుంచీసినాను. ఎనకాల చిన్న డబ్బీ పెట్టినానంతే. నువ్వు నొక్కినా ఎలుగుతాది, ఫోను నొక్కినా ఎలుగుతాది. టెన్షన్ మత్ లో, బెంగెట్టుకోకు."

నా కోసం ఆలోచించాడు కదా అని మురిసిపోయాను.

వానపట్టిన ఒక సాయంత్రం దీపం వేసి లోపల కూర్చున్నాను. మధ్యలో లేచి వెళ్లి మీట తడిమాను. కిందికే ఉంది. గవరయ్య ఆలస్యంగా, తడిసి ముద్దయి వచ్చాడు.

"ఏటే, దీపం ఆర్పీసి తొంగున్నావా? పక్కోళ్ల దీపం సూసి మనదనుకుని తిప్పీసినాను. పడవ బండకి రాసుకుంది."

"ఎవులార్పినారు? మీట కిందికే వుంది, సూడు."

అతను చూశాడు. "కిందికే వుంది. దీపం నేదు."

చక్రిని పిలిచాను. వాడు ఫోను చూసి తేల్చాడు.

"వరండాలో ఎవులూ కదల్నేదని దానంతటదే ఆరిపోనాదమ్మా. సెట్టింగు మార్చీస్తాను, బస్, అంతే."

"మరి మీట?"

"డబ్బీ పెట్టినాక మీట ఎటున్నా ఒకటే. డౌటొస్తే ఫోన్నడుగు, అదే సెప్తాది."

ఒళ్లు మండిపోయింది. నా మొగుడు సముద్రం మీదుంటే, నా ఇంట్లో దీపం ఉందో లేదో ఎవర్నో అడిగి తెలుసుకోవాలా?

"అందరూ అడుగుతున్నారమ్మా."

"అందరికీ కళ్లున్నాయిరా. నమ్మకపోతే సూసుకుంటారు. ఆ డబ్బీ తీసెయ్."

"ఒక్కటి తీస్తే షో పోద్ది. రేపు హోటలోళ్లు వస్తన్నారు."

మర్నాడు పొద్దున్నే మెయిన్ స్విచ్చు కట్టేసి, దాని కింద స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఫ్యాన్లు ఆగాయి. గోడకు వాడు బిగించిన పెట్టెలన్నీ నోరు మూసుకున్నాయి. గవరయ్య నవ్వాపుకోలేక బయటికి పోయాడు.

"అమ్మా, ప్లీజ్! ఆళ్లు దారిలో వున్నారు."

"రానీ. సీకట్లో సూపించు. నాకలవాటే."

 కాసేపటికి వరండాలోంచి స్క్రూలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. అగ్గిపెట్టెంత డబ్బీ తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. అప్పుడు మెయిను వేసి, వరండాకు వెళ్లి మీట పైకీ కిందికీ ఆడించి, దీపం వెలుగుతోందో ఆరుతోందో వాడి చేత చెప్పించుకున్నాను. మిగతా గదుల్లో వాడి ఇష్టం.

ఆ నెలలోనే పడవకు మనిషి తక్కువై చక్రి తండ్రి వెంట వేటకెళ్లాడు. సందెవేళ దీపం వేశాను. వాన దంచికొట్టింది. ఫోను మోగింది.

"అమ్మా, వానలో ఏటీ అవుపడ్డం నేదు. మన దీపం ఎలుగుతోందా?" 

ఫోన్నడగరా అందామని నోటిదాకా వచ్చింది. అనలేదు. లేచి వరండాలోకి వెళ్లి వేలు పెట్టాను. పైన ఫ్యాను తిరుగుతోంది.

"ఎలుగుతోంది నాన్నా. నిదానంగా రండి."

వేలు అక్కడే ఉంచి నిలబడ్డాను.